అధ్యక్షా... మీకు తెలుసా?

మోదీ ప్రభుత్వం మీద లోక్‌సభలో చర్చకొచ్చిన మొట్టమొదటి అవిశ్వాస తీర్మానంపై చర్చను ఎత్తుకున్నది మన పూతలపట్టు నియోజకవర్గం మనిషేనని మీకు తెలుసా? తవణంపల్లె మండలం దిగువమాఘంలో పుట్టిన గల్లా జయదేవ్, అప్పటి గుంటూరు ఎంపీ! నోటీసు తోటి ఎంపీ కేశినేని శ్రీనివాస్‌ది, తొలి ప్రసంగం జయదేవ్‌ది. తేదీ 2018 జులై 20. లోక్‌సభలో అవిశ్వాసంపై చర్చ జరిగి అప్పటికి 15 ఏళ్లు!

దానికి ముందు మార్చిలో ఏం జరిగిందనుకున్నారు? నోటీసు సభ ముందుకు రావాలంటే 50 మంది తమ సీట్ల దగ్గర లేచి నిలబడాలి, స్పీకర్ తలలు లెక్కపెట్టాలి. స్పీకర్ ముందుండే వెల్ నిండా ప్లకార్డులు, నినాదాలు. ఈ గోలలో లెక్క కుదరదని సభ వాయిదా. మళ్లీ నోటీసు, మళ్లీ వాయిదా! చివరికి జులైలో తలల లెక్క తేలింది. ఓట్లే చాలలేదు... 126కి 325!

తిరుచానూరు బిడ్డ మాడభూషి అనంతశయనం అయ్యంగార్‌కు బ్రిటిషు కాలపు కేంద్ర శాసనసభలో వచ్చిన పేరు మీకు తెలుసా? 'ఎండెన్'! 1914లో మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మన్ యుద్ధనౌక పేరది. ఆ ఎండెనే తర్వాత లోక్‌సభకు రెండో స్పీకర్!

స్పీకర్ కాగానే సొంత పార్టీకే రాజీనామా ఇచ్చిన సీమ నేత మీకు తెలుసా? 1967లో నీలం సంజీవరెడ్డి! రాష్ట్రపతి ప్రసంగించిన రోజే అవిశ్వాసంపై చర్చకు ఒప్పుకున్న తొలి స్పీకరూ ఆయనే. 1977లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ సీట్లలో జనతాకు దక్కింది ఒక్క నంద్యాల. గెలిచిన ఆ ఒక్కడూ సంజీవరెడ్డే, మళ్లీ స్పీకరూ ఆయనే!

1984 ఎన్నికల తర్వాత లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షం ఏదో మీకు తెలుసా? 30 సీట్ల తెలుగుదేశం! అయినా ప్రతిపక్ష నేత హోదా రాలేదు. పదో వంతు సీట్లుండాలట.

మరి 1977 నాటి ప్రతిపక్ష నేతల జీతభత్యాల చట్టంలో ఆ పదో వంతు మాటే లేదని మీకు తెలుసా? పెద్ద ప్రతిపక్షం నాయకుడై ఉండాలి, సభాధ్యక్షుడు గుర్తించాలి, అంతే! పదో వంతు తొలి స్పీకర్ మావలంకర్ కాలపు ఆనవాయితీ. ఇంత పెద్ద హక్కు ఆనవాయితీ మీద నడవడం నాకైతే మింగుడుపడదు. ఆ లెక్కన మన అసెంబ్లీలో 175కి 18 కావాలి. 2019లో తెలుగుదేశానికి 23, 2024లో వైఎస్సార్‌సీపీకి 11.

మెజారిటీ ప్రతిపక్షానిదైతే సభనే తీసేయాలని చూసిన కథ మీకు తెలుసా? 2020 జనవరిలో శాసనమండలి మూడు రాజధానుల బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపమంది. వారం తిరక్కుండానే మండలి రద్దుకు అసెంబ్లీ తీర్మానం! 2021 నవంబరులో అదే ప్రభుత్వం ఆ రద్దు తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. మండలి చెక్కుచెదరలేదు!