తోడు తార గీసిన బొమ్మ

'గ్రహ నీహారిక' అన్న పేరు చూసి గ్రహాల సంగతేమో అనుకుంటాం. కాదు. సూర్యుడిలాంటి నక్షత్రం చివరి దశలో వదిలిన వాయువు అది. 1780లలో విలియం హెర్షెల్‌కి దూరదర్శినిలో గ్రహంలా గుండ్రంగా కనిపించడంతో ఆ పేరు నిలిచిపోయింది.

గుండ్రటి నక్షత్రం వదిలిన వాయువు గుండ్రంగానే ఉండాలి కదా! మరి కొన్ని నీహారికలకు సీతాకోకచిలుక రెక్కలెందుకు?

నాకు అర్థమైనంతలో చెబుతాను. పక్కన తోడు నక్షత్రం తిరుగుతుంటే, దాని ఆకర్షణకి వాయువు నడుము చుట్టూ దట్టంగా పేరుకుంటుంది. మా మెట్టకూరు వైపు చేలల్లో చూడండి, గట్టున్న వైపు నీరు ఆగుతుంది, తెరిచిన వైపు పరుగెడుతుంది. అలాగే వెనక వచ్చే వేగమైన వాయువు నడుము దాటలేక పైకీ కిందికీ దూసుకుపోతుంది. అవే రెక్కలు.

ఇది ఉత్త ఊహ కాదు. చిలీలోని పెద్ద దూరదర్శినితో ఫ్లెమింగ్ 1 నీహారిక నడిమధ్యను పరిశీలించి, అక్కడ రెండు శ్వేత కుబ్జ తారలు 1.2 రోజులకోసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయని 2012లో ప్రకటించారు. 2015లో మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ కూడా సీతాకోకచిలుక నీహారికను అతినీలలోహిత కాంతిలో చిత్రించింది.

మన సూర్యుడు ఒంటరి. సుమారు 500 కోట్ల ఏళ్ల తర్వాత అతని వాయువుకి రెక్కలొస్తాయా? తోడు తార లేదు కాబట్టి గుండ్రంగానే ఉంటుందేమో అని నాకనిపిస్తుంది. మీరేమంటారు?