గెలిచినవాళ్లకూ హద్దు ఉంటుంది!

2025 మార్చి 30. ఉగాది, పైగా ఆదివారం. ‘పచ్చడి చేసుకున్నావా లేదా’ అని అమ్మ వీడియో కాల్‌లో అడుగుతుంటే, ఇంకోపక్క వాట్సాప్ గ్రూపులో క్లిప్పులు వరసగా వచ్చిపడుతున్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న చెట్లలోకి జేసీబీలు దిగాయి. విద్యార్థులు అడ్డుకుంటున్నారు, పోలీసులు వాళ్లను వ్యాన్లలోకి ఎక్కిస్తున్నారు. తర్వాతి రాత్రుల్లో వచ్చిన వీడియోల్లో అయితే జేసీబీల లైట్లు, చీకట్లో నెమళ్ల అరుపులు.

నేనుండేది కొండాపూర్‌లో, ఆఫీసు గచ్చిబౌలిలో. మా ఫ్లోర్‌లో కాఫీ మెషీన్ పక్కనున్న కిటికీలోంచి చూస్తే ఆ పచ్చదనం దూరంగా కనిపిస్తుంది. మీటింగుల మధ్య కళ్లకు అదే కాస్త విశ్రాంతి. అందుకే ఆ వీడియోలు చూసి నేనూ స్టేటస్ పెట్టేశా. వెంటనే మా రూమ్మేట్ తగులుకున్నాడు.

“అరేయ్, అది గవర్నమెంటు భూమే. కోర్టులో కూడా గెలిచింది. గవర్నమెంటును గెలిపించింది జనం. వాళ్ల భూమిలో వాళ్లు కంపెనీలు తెచ్చుకుంటే నీకేంటి? రేపు జాబ్ మారాలంటే మనకే కదా లాభం! అయినా నువ్వు ఓటేశావా అసలు?”

వేయలేదు. 2023 నవంబరు 30, గురువారం అసెంబ్లీ పోలింగ్. శుక్రవారం లీవు పెట్టి గోకర్ణ వెళ్లిపోయా. నేనొక్కడినే కాదులెండి, ఓటర్లు 7 లక్షలు దాటిన మా శేరిలింగంపల్లిలో ఆరోజు ఓటేసింది సుమారు సగం మందే. అందుకే వాడికి సమాధానం చెప్పలేకపోయా. కానీ వాడి ప్రశ్న మాత్రం వదల్లేదు. జనం గెలిపించిన ప్రభుత్వాన్ని, దాని సొంత భూమిలో, ఆపడానికి ఎవరికైనా హక్కుంటుందా?

భూమి ఎవరిది?

వాడు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కంచ అంటే ఊరి పశువులు మేసే బీడు. కంచ గచ్చిబౌలిలోని ఈ 400 ఎకరాలను 2003లో అప్పటి ప్రభుత్వం ఒక ప్రైవేటు క్రీడల సంస్థకు ఇచ్చింది. 2006లో తర్వాతి ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. కేసు ఏళ్ల తరబడి నడిచి, 2024 మార్చిలో హైకోర్టులో, మే నెలలో సుప్రీంకోర్టులో ప్రభుత్వం వైపే తేలింది. ఐటీ, ఇతర అవసరాల కోసం ఆ భూమిని అభివృద్ధి చేసే పని టీజీఐఐసీ చేతికి వచ్చింది. ఆ భూమి మాదేనని యూనివర్సిటీ వైపు నుంచి వాదన ఉన్నా, కాగితాల మీద ప్రభుత్వానిదే పైచేయి.

మరి జేసీబీలు ఎందుకు ఆగాయి?

ఒక స్వచ్ఛంద సంస్థ, విద్యార్థులు హైకోర్టుకు వెళ్తే ఏప్రిల్ 2న పనులు ఆపమంది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు వార్తలు చూసి తనంతట తానే విషయాన్ని చేపట్టింది. జస్టిస్ బి.ఆర్.గవాయ్, జస్టిస్ ఆగస్టిన్ జార్జ్ మసీహ్ ధర్మాసనం, హైకోర్టు రిజిస్ట్రార్‌ను ఆ రోజే వెళ్లి చూసి రమ్మంది. సుమారు 100 ఎకరాల్లో చెట్లు పోయాయని సాయంత్రానికల్లా రిపోర్టు వచ్చింది. ఉన్న చెట్లను కాపాడటం తప్ప ఇంకే పనీ చేయొద్దని కోర్టు ఆదేశించింది. ఏప్రిల్ 16న మరింత గట్టిగా చెప్పింది. ఆ 100 ఎకరాలను మళ్లీ పచ్చగా ఎలా చేస్తారో చెప్పండి, లేకపోతే అధికారులు జైలుకెళ్లాల్సి వస్తుందని హెచ్చరించింది.

చూశారా? ‘భూమి ఎవరిది’ అన్నది ఒక ప్రశ్న. ‘ఆ భూమిలో ఏం చేయొచ్చు’ అన్నది ఇంకో ప్రశ్న. మొదటి ప్రశ్నలో గెలిచిన ప్రభుత్వమే రెండోదాని దగ్గర ఆగాల్సి వచ్చింది.

ఓటు ఒక్కటే కాదు

జనం ఓటేసి పాలకులను ఎన్నుకుంటే అది ప్రజాస్వామ్యం. బ్రిటన్‌లో అదే ఉంది, రాజు కూడా ఉన్నాడు. రాజు లేకుండా, దేశానికి పెద్ద కూడా ఎన్నికతోనే వస్తే అది గణతంత్రం. ఆ గెలిచినవాళ్లందరి మీదా రాసిపెట్టిన రూల్ బుక్ ఒకటి ఉంటే అది రాజ్యాంగబద్ధ గణతంత్రం. అక్కడ ప్రభుత్వం అంటే యజమాని కాదు, అయిదేళ్లకు పెట్టుకున్న మేనేజర్. చెక్కు మీద సంతకం పెట్టే అధికారం ఉంటుంది గానీ డబ్బు తనది కాదు.

ఇది మన ఊళ్లో పెద్ద పాత కథేం కాదు. 1948 సెప్టెంబరు దాకా ఇక్కడ నిజాం ఫర్మానా ఇస్తే అదే చట్టం. దాన్ని తప్పని చెప్పే చోటు లేదు. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చాక అదే మీర్ ఉస్మాన్ అలీఖాన్ హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్ అయ్యారు. మనిషి ఆయనే, కానీ పైన పుస్తకం వచ్చింది.

ఇంకో తమాషా ఏంటంటే, ఆ యూనివర్సిటీ కూడా ఆ పుస్తకంలోంచి పుట్టిందే! 1969 తెలంగాణ, 1972 జై ఆంధ్ర ఉద్యమాల తర్వాత 1973లో 32వ సవరణ చేసి ఆర్టికల్ 371-ఇ చేర్చారు. ఇక్కడ కేంద్ర విశ్వవిద్యాలయం పెట్టొచ్చని అందులో రాశారు. 1974లో యూనివర్సిటీ మొదలైంది.

పుస్తకంలో ఏముంది?

అడవులను, పర్యావరణాన్ని కాపాడటం ప్రభుత్వ బాధ్యతని ఆర్టికల్ 48-ఎ అంటుంది. అది ప్రతి పౌరుడి విధి కూడా అని 51-ఎ(జి) అంటుంది. రెండూ 1976లో చేరాయి. జీవించే హక్కులో కాలుష్యం లేని గాలి, నీరు కూడా భాగమేనని 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో ఇంకో మాట తేల్చింది. భూమి ఎవరిదైనా సరే, నిఘంటువులో ‘అడవి’ అనే మాటకున్న అర్థానికి సరిపోతే అది అడవే. వీటికితోడు చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలనే వాల్టా చట్టం మన దగ్గర ఉంది. అనుమతులు తీసుకున్నారా అని కోర్టు అడిగింది కూడా అందుకే.

‘ఎవరూ ఎన్నుకోని జడ్జిలు, ఎన్నికైన ప్రభుత్వాన్ని ఆపడం ఏంటి?’ అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ కోర్టు అక్కడ ఏం కట్టాలో చెప్పలేదు. అభివృద్ధికి తాము వ్యతిరేకం కాదని, అడవిని కాపాడుతూ ప్రణాళికతో రమ్మని తర్వాత చెప్పింది. అంటే కోర్టు కాలు బ్రేకు మీదే ఉంది, స్టీరింగ్ ప్రభుత్వం చేతిలోనే ఉంది.

అలాగని పుస్తకం దానంతట అది పనిచేయదు. అది ఉండగానే కొద్ది రోజుల్లో 100 ఎకరాలు పోయాయి. వరస సెలవుల్లోనే ఎందుకు మొదలుపెట్టారని కోర్టే అడిగింది. విద్యార్థులు రోడ్డెక్కకపోతే, ఎవరో పిటిషన్ వేయకపోతే, పేపర్లు రాయకపోతే ఆ బ్రేకు తొక్కేవాళ్లే లేరు.

రూమ్మేట్‌కి సమాధానం

మొన్న మళ్లీ ఆ కిటికీ దగ్గర నిలబడి ఉన్నప్పుడు వాడి మాట గుర్తొచ్చింది. ఓటు వేయని నాకు అడిగే హక్కు ఉందా? ఉంది. మాట్లాడే హక్కు ఆర్టికల్ 19 ఇచ్చింది. వేలి మీద సిరా ఉందా లేదా అని అది చూడదు. అయితే వాడి దెప్పిపొడుపు కూడా తప్పు కాదు. మేనేజర్‌ను పెట్టుకునే రోజు గోకర్ణలో కూర్చుని, తర్వాత కిటికీలోంచి చూస్తూ బాధపడితే సగం పనే చేసినట్టు.

రాత్రి వాడితో అన్నా, “నువ్వు ఓటేశావు కదా, నీ మేనేజర్ లెక్క చూపించకుండా పని చేస్తే ఊరుకుంటావా?”

వాడు కాసేపు ఆలోచించాడు. “ఊరుకోను. కానీ ఈసారి నువ్వు కూడా లైన్లో నిలబడు” అన్నాడు.

సరే అన్నా.