మోటారు కొనుటకు ముందు ప్లేటు చదువుడు

ముఖేడ్‌లోని మన తెలుగు నేతకుటుంబములకు ఇంట మాట తెలుగు, అంగడి మాట మరాఠీ. 1956 వరకు ఈ ప్రాంతము హైదరాబాదు రాష్ట్రమున ఉండి, తరువాత బొంబాయి రాష్ట్రమునకు, 1960లో మహారాష్ట్రమునకు చెందినది. రాష్ట్రములు మారినను ఇంటిలో కండెలు చుట్టు పని తప్పలేదు. అది చాలవరకు ఆడవారి పని, పెద్దవారి పని. వారి భుజములకు కొంత సుఖము కలుగునని ఇప్పుడు కొందరు రాట్నమునకు మోటారు బిగించుచున్నారు. సంతోషమే. కాని మోటారులన్నియు ఒకటి కావు.

మా సంఘ సభ్యులొకరు పాత సామానుల అంగడిలో చవుకగా దొరికినదని అర హార్సుపవరు మోటారు తెచ్చిరి. స్విచ్చి వేయగా అది మూలిగినది గాని తిరుగలేదు. కొంతసేపటికి పొగ వచ్చినది. అది మూడు ఫేజుల మోటారు. ఇంటిలోనిది ఒక ఫేజు కరెంటు. ఇల్లాలు పండుగకై దాచిన సొమ్ము అట్లు పోయినది. వారు మమ్ము అడుగలేదు, మేమును ముందుగా చెప్పలేదు. అందుకే ఇప్పుడు చెప్పుచున్నాము.

మోటారుపై చిన్న ప్లేటు ఉండును. అందులో ఫేజు 1 అనియు, వోల్టులు 230 అనియు ఉన్నచో ఇంటి కరెంటుకు పనికివచ్చును. ఫేజు 3, వోల్టులు 415 అని ఉన్నచో అది మరమగ్గములకు, కార్ఖానాలకు. ప్లేటు ఊడిపోయిన మోటారును తెలిసినవారు చూడనిదే కొనరాదు.

ఒక ఫేజు మోటారులలో పెక్కింటికి వీపుపై మూపురమువలె డబ్బా ఉండును. అందులోనిది కెపాసిటరు. మోటారు తిరుగుట ఆరంభించుటకు అది తోడ్పడును. మంచి మోటారు ఒకనాడు తిరుగక మూలిగినచో వెంటనే ఆపి కెపాసిటరును పరీక్ష చేయించుడు. చెడినది అదియే అయినచో కొద్ది ఖర్చుతో పోవును. తొందరపడి తీగ మరల చుట్టించుకొనవద్దు. కరెంటు తీసిన పిదప కూడ కెపాసిటరు షాకు కొట్టగలదు గాన దానిని మిస్త్రీ చేతనే తాకింపుడు.

ఇరుప్రక్కల చిన్న మూతలు, వాని లోపల బొగ్గు బ్రష్షులు ఉన్నది మరియొక రకము. మిక్సీలలో, కుట్టుమిషనులలో వాడుదురు. బరువు లేనప్పుడు విపరీతవేగముతో తిరుగును, నిప్పురవ్వలు వేయును, బ్రష్షులు అరుగును. దినమంతయు కండెలు చుట్టుటకు తగదు.

ఇక వేగము. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది. నాలుగు ధ్రువముల మోటారులో అయస్కాంత క్షేత్రము నిమిషమునకు 1500 చుట్లు తిరుగును. లోపలి ఇరుసు దానికి కొంచెము వెనుకబడినప్పుడే బలము పుట్టును గనుక ప్లేటుపై 1440 వంటి అంకె ఉండును. అంత వేగమునకు నూలు నిలువదు. మోటారు పుల్లీ 2 అంగుళములు, కదురు పుల్లీ 4 అంగుళములు పెట్టినచో వేగము 720కి దిగును. నూలు ఇంకను తెగుచున్నచో కదురు పుల్లీని పెంచుడు.

ఎర్తు తీగ లేనిదే ఏ మోటారును నడుపవద్దు. బెల్టు దగ్గరకు చీర కొంగును, పిల్లలను రానీయవద్దు.

మోటారు కొనదలచిన సభ్యులు సొమ్ము చెల్లింపకముందే ప్లేటును ఫోనులో ఫోటో తీసి సంఘ కార్యాలయమునకు తెండు. చదివి చెప్పుటకు మేమున్నాము. ఆ పూట ఆలస్యమైనను పరవాలేదు.