చెట్టుకొమ్మ మీది పెట్టె

పిల్లలూ, మీరంతా దాగుడుమూతలు ఆడినవాళ్ళే. దొంగ కళ్ళు మూసుకుని అంకెలు లెక్కపెడుతుంటే, మిగతావాళ్ళు గడ్డివామి వెనకా, తలుపు చాటునా దాక్కుంటారు. భూమండలాన్నంతా తమ వాకిలిగా చేసుకుని ఇటువంటి ఆట ఆడేవారున్నారని మీకు తెలుసా? ఇందులో దాగేది మనిషి కాదు, ఒక చిన్న పెట్టె. దాని జాడ తెలుసుకోవటానికి తోడ్పడేవి మన నెత్తిన సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగే కృత్రిమ ఉపగ్రహాలు. ఈ ఆట పేరు జియోక్యాషింగ్.

ఇటువంటి సరదా పూర్వమూ ఉండేది. 1854లో ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీడుభూముల్లో, జేమ్స్ పెరొట్ అనే ఆయన క్రాన్‌మియర్ కొలను దగ్గర ఒక సీసా పెట్టాడు. అంతదూరం నడిచి వెళ్ళినవారు తమ పేరుగల చీటీ అందులో వేసి వచ్చేవారు.

ఉపగ్రహాలతో ఆడే ఆట 2000 మే నెలలో పుట్టింది. అంతవరకూ అమెరికా ప్రభుత్వం తన ఉపగ్రహాల సంకేతాలలో కావాలనే కొంత తప్పు కలిపేది. దానివల్ల మామూలు జనం పరికరాలు వంద మీటర్ల దాకా పొరపడేవి. మే 2న ఆ తప్పు కలపటం మానేశారు. మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రపు అడవిలో, బీవర్‌క్రీక్ ఊరి దగ్గర, ఒక బకెట్టు దాచి, అది ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలు ప్రకటించాడు. కొద్ది రోజుల్లోనే వెతికేవారు దాన్ని పట్టేశారు!

ఇంతకూ ఆ పరికరం చోటు ఎట్లా చెబుతుంది? ప్రతి ఉపగ్రహమూ, “ఇప్పుడు టైము ఇంత, నేను ఇక్కడ ఉన్నాను,” అని రేడియో సంకేతం పంపుతూంటుంది. ఆ సంకేతం సెకనుకు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో వస్తుంది. అది చేరటానికి పట్టిన కాలాన్నిబట్టి దూరం లెక్కకట్టవచ్చు. కనీసం నాలుగు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మనమున్న చోటు తేలుతుంది. గడియారంలో సెకనులో పదిలక్షవ వంతు తప్పు వచ్చినా, దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది!

ఒక చిక్కు ఉన్నది. ఉపగ్రహాలన్నీ మనకు పైనే కనిపిస్తాయి. కాళ్ళ కింద ఉన్నవాటిని భూమి అడ్డుకుంటుంది. అందుచేత పరికరం ఎత్తు విషయంలో ఎక్కువగా పొరపడుతుంది. ఆకుల గుబురు కింద సంకేతమూ బలహీనమవుతుంది.

మీరు ఒక మహావృక్షం కింద నిలబడ్డారనుకోండి. “ఇక్కడే!” అంటుంది పరికరం. చుట్టూ వెతికితే ఏమీ లేదు. తల పైకెత్తి చూస్తే, నలభై అడుగుల ఎత్తున, కొమ్మల సందున, ఒక చిన్న డబ్బా! పరికరం పని అక్కడితో సరి. ఇక మిగిలింది మనిషి పని.

ప్రతి పెట్టెకూ దారి ఎంత కష్టమో తెలపటానికి ఒకటి నుంచి అయిదు దాకా గుర్తులిస్తారు. అయిదు అంటే ప్రత్యేక సామగ్రి లేనిదే చేరలేమని అర్థం. మన ఊళ్ళలో కల్లుగీసేవారు మోకు తగిలించుకుని తాటిచెట్టు ఎక్కటం మీరు చూసే ఉంటారు. ఆ మోకే వారి ప్రాణం. ఇక్కడా అంతే. ముందు సన్నని దారానికి చిన్న బరువు కట్టి, బలమైన పచ్చికొమ్మ మీదుగా విసురుతారు. ఆ దారంతో లావుపాటి తాడును పైకి లాగుతారు. ఇద్దరు కలిసి తాడుకు వేలాడి, కొమ్మ ఆగుతుందో లేదో పరీక్షిస్తారు. నడుముకూ తొడలకూ పట్టీలు, తలకు శిరస్త్రాణం, కింద ఒక తోడు—ఇవన్నీ ఉంటేనే ఎక్కటం. బెరడుకు గాయం చెయ్యరాదు. దాని లోపలి పొరగుండానే చెట్టుకు ఆహారం ప్రవహిస్తుంది. కొమ్మ మీద పక్షిగూడు కనిపిస్తే వెనక్కు తిరగవలసిందే.

పైకి చేరినవారు పెట్టెలోని పుస్తకంలో పేరూ, తేదీ రాస్తారు. అందులోని వస్తువు ఒకటి తీసుకుంటే, అంత విలువైనదో, ఇంకా మంచిదో అందులో పెట్టాలి. ఆ కొమ్మ మీద కాపలా ఎవరూ లేరు. అయినా పెట్టె మళ్ళీ మళ్ళీ నిండుతూనే ఉంటుంది!

ఈ ఆటలో అన్నిటికన్నా కష్టమైన పని ఎక్కటం కాదు. గాలి లేచినప్పుడో, చినుకు పడినప్పుడో, ఇంకా పది అడుగులే మిగిలి ఉన్నా, కిందికి దిగి రావటం. నిజమైన ధైర్యశాలి అందుకు సిగ్గుపడడు. పెట్టె ఎక్కడికీ పోదు. రేపు మళ్ళీ రావచ్చు.

నేర్పరులైన పెద్దలు వెంట లేనిదే మీరు ఎత్తులు ఎక్కబోకండి. ఈ ఆదివారం మీ పెరట్లోనే ఒక డబ్బా దాచండి. “వేపచెట్టు నుంచి తూర్పుగా పన్నెండు అడుగులు, అక్కణ్ణించి ఉత్తరంగా ఏడు,” అని చీటీ రాసి మీ చెల్లెలికి ఇవ్వండి. ఆమె అడుగు చిన్నది, మీ అడుగు పెద్దది. డబ్బా దొరుకుతుందా? దొరక్కపోతే చీటీ ఎట్లా మార్చి రాయాలో ఇద్దరూ కలిసి ఆలోచించండి!