బ్రష్షుల గ్లాసు అడుగున

అండమాన్ దీవులలో వానాకాలం ఒకసారి వచ్చి పోయేది కాదు. మే నెలలో నైరుతి ఋతుపవనం ప్రవేశిస్తుంది. అది పూర్తిగా వెనుదిరగకముందే ఈశాన్య ఋతుపవనం అందుకుంటుంది. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో ఏడాదిలో చాలా నెలలు గాలి నిండా తేమే. పెట్టెలోని పట్టుచీర, బీరువా కింది తోలు చెప్పులు, పుస్తకాల అట్టలు — దేనికైనా బూజు పట్టవలసిందే. ఎండ కాసిన నాడు గృహిణులు వాటిని బయట వేసి దులుపుతారు. కాని స్నానాలగదిలో, అద్దం కింద, ఇంటిల్లిపాది బ్రష్షులూ నిలిపి ఉంచిన గ్లాసును ఎత్తి దాని అడుగు చూసేవారు అరుదు.

చూస్తే కనిపించేది నల్లని జిగురు. పళ్లు తోముకున్న ప్రతివారూ తడి బ్రష్షును అందులో వేస్తారు. దాని కాడ వెంట నీరు కిందికి జారుతుంది. ఆ నీటితో పాటు పేస్టు, ఉమ్మి, కంటికి కనిపించని ఆహారపు తునకలు కూడ దిగుతాయి. బూజు బీజాలు గాలిలో సదా ఉండేవే; వాటికి కావలసినవి తడి, కాస్త తిండి. ఆ గ్లాసు రెండింటినీ సమకూరుస్తుంది. తెలుగునాట మే నెల ఎండలకు అదే గ్లాసు గంటలో ఆరిపోతుంది. ద్వీపంలో అది నెలల తరబడి ఆరదు.

ఇది దీవులకే పరిమితమైన సంగతి అనుకోనక్కరలేదు. ఎన్.ఎస్.ఎఫ్. ఇంటర్నేషనల్ అనే సంస్థ 2011లో అమెరికాలోని 22 కుటుంబాల ఇళ్లలో 30 రకాల వస్తువులను పరీక్షించింది. సూక్ష్మజీవులు ఎక్కువగా ఉన్న వస్తువులలో అంట్లు తోమే స్పాంజి, వంటింటి తొట్టి తరువాత మూడవ స్థానం బ్రష్షుల గ్లాసుదే. పరీక్షించిన వాటిలో నూటికి 64 వంతులలో బూజు, ఈస్టు జాతి కనిపించాయి. మలసంబంధమైన కాలుష్యానికి సూచనగా భావించే కోలిఫారం సూక్ష్మజీవులు 27 వంతులలో ఉన్నాయి.

వేపపుల్లకు ఈ బెడద లేదు. తెల్లవారి చెట్టునుంచి విరిచి, నమిలి, చీల్చి నాలుక గీసుకుని పారవేసేవారు. దానిని దాచుకోవలసిన పనే లేదు. 1938లో నైలాన్ కుచ్చుల బ్రష్షు అమెరికా విపణిలోకి వచ్చింది. అంతకు ముందు వాడిన పంది వెంట్రుకల కంటె నైలాన్ త్వరగా ఆరుతుంది; ఆ మేరకు అది గొప్ప మేలే. అయినా ఒకే వస్తువును నెలల తరబడి నోట పెట్టుకునే అలవాటుతో పాటు దానిని ఉంచే చోటు అన్న సమస్య కూడ ఇంట ప్రవేశించింది.

శ్రీకాకుళం, విశాఖ తీరాలనుంచి వెళ్లి దీవులలో స్థిరపడిన తెలుగువారు తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ తెలుగు మాతృభాషగా గలవారు యాభై వేలకు పైచిలుకు. అంటే నూటికి 13 మంది. వారి పెద్దలు నూతిగట్టు దగ్గర, పెరటి ఎండలో పళ్లు తోముకున్నవారు. పిల్లలు తోముకునేది నాలుగు గోడల చిన్న గదిలో. చాలా ఇళ్లలో మరుగుదొడ్డి కూడ అందులోనే. దొడ్డిలో నీటిని వేగంగా వదిలినప్పుడు సూక్ష్మజీవులతో కూడిన తుంపరలు గాలిలోకి లేచి, చుట్టుపక్కల వాలుతాయని చార్లెస్ గెర్బా, ఆయన సహచరులు 1975లోనే చూపారు. గది చిన్నదైనా బ్రష్షులను దొడ్డికి ఎదురు మూలన, కిటికీ పక్కన పెట్టడం కష్టమేమీ కాదు.

ఇంతకూ దీనివల్ల జబ్బు చేస్తుందా? బ్రష్షు మీది సూక్ష్మజీవుల వల్ల ఆరోగ్యవంతుడు మంచాన పడతాడని చెప్పడానికి తగిన ఆధారం లేదని అమెరికా దంతవైద్య సంఘం భావన. భయపెట్టి సరకులు అమ్మేవారు ఈ మాట చెప్పరు. కాని ఇంట్లో కాన్సరుకు చికిత్స పొందుతున్నవారో, అవయవమార్పిడి జరిగినవారో ఉంటే లెక్క మారుతుంది. వ్యాధినిరోధకశక్తి తగ్గినవారికి బూజు నిజంగా ప్రమాదకారి.

అంతకు మించిన కారణం ఒకటి ఈ దీవులలోనే ఉన్నది. నికోబారీలలో నూటికి సుమారు 23 మంది రక్తంలో హెపటైటిస్-బి ఉపరితల ప్రతిజనకం ఉన్నట్లు పోర్ట్‌బ్లెయిర్‌లోని ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు 2000లో వెల్లడించారు. అది బ్రష్షుల వల్ల వచ్చిందని కాదు. ఆ వైరస్ శరీరం వెలుపల కనీసం ఏడు రోజులు బతకగలదు. చిగుళ్లనుంచి నెత్తురు కారడం సామాన్యమైన విషయం. కనుకనే, ఆ వ్యాధి ఉన్నవారి బ్రష్షును మరొకరు వాడరాదని వైద్యులు ప్రత్యేకంగా హెచ్చరిస్తారు. ఒకే గ్లాసులో ఆరు బ్రష్షుల కుచ్చులు ఒకదానికొకటి తగులుతూ ఉండడం, వాటిలో రెండు ఒకే రంగువి కావడం, చీకటి ఉదయాన పిల్లవాడు చేతికందినది తీసుకోవడం — ఇది ప్రతి ఇంటా జరిగేదే. టీకా దీనికి అసలైన రక్ష. ఎవరి రంగు వారికి, ఎవరి కొక్కెం వారికి ఏర్పరచడం దానికి తోడు.

శుభ్రపరచడానికి నీరెక్కడిది అన్న ప్రశ్న పోర్ట్‌బ్లెయిర్ గృహిణికి సహజంగా వస్తుంది. ఇంత వాన కురిసినా, జనవరి దాటితే ధనికారి జలాశయం అడుగంటుతూ వస్తుంది; ఇళ్లలో నీటిని డ్రమ్ములలో పట్టి పొదుపుగా వాడుకుంటారు. అదృష్టవశాత్తు ఈ పనికి ఒక మగ్గు చాలు. ముందుగా సబ్బుతో రుద్ది జిగురంతా పోగొట్టాలి. మురికి ఉండగా బ్లీచింగ్ పనిచేయదు. తరువాత పావు లీటరు నీటిలో ఒక చిన్న చెంచాడు ఇంటి వాడకపు బ్లీచింగ్ ద్రవం కలిపి, ప్లాస్టిక్ లేదా పింగాణీ గ్లాసును పది నిమిషాలు అందులో ఉంచి, కడిగి, బోర్లించాలి. స్టీలు గ్లాసుకు మరిగే నీరే మేలు. బ్లీచింగ్ దానిని తినివేస్తుంది. దొడ్డి కడిగే ఆమ్లాన్ని మాత్రం దీనితో ఎన్నడూ కలపరాదు. పుట్టే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. వానాకాలంలో వారానికొకసారి ఇలా చేస్తే బూజుకు తావుండదు.

అసలు అడుగున్న గ్లాసునే మానివేస్తే సగం పని తప్పుతుంది. అడుగున చిల్లులున్న స్టాండు గాని, కిటికీ పక్కన గోడకు కొట్టిన కొక్కేల వరుస గాని చౌకలో దొరుకుతాయి. తోముకున్న తరువాత బ్రష్షును బాగా కడిగి, రెండుసార్లు విదిలించి, నిలువుగా, గాలి తగిలేలా ఉంచాలి. కుచ్చుకు తొడిగే ప్లాస్టిక్ టోపీలు శుభ్రతకోసమని కొంటారు గాని, అవి తడిని బంధించి సూక్ష్మజీవులకే మేలు చేస్తాయి. విశాఖనుంచి ఓడలో వచ్చేవారికి ఆ డబ్బాలు తప్పవు. దిగిన వెంటనే బ్రష్షును బయటికి తీసి ఆరబెట్టుకుంటే సరిపోతుంది.

మూడు నాలుగు నెలలకొకసారి, కుచ్చు విచ్చుకుంటే ఇంకా ముందే, కొత్త బ్రష్షు తీసుకోవాలి. పాతదానితో స్టాండు చిల్లులను తోముకోవచ్చు. అయితే మరెవరూ పొరపాటున నోట పెట్టుకోకుండా, దాని కాడకు ఒక ఎర్రదారం చుట్టి వేరే చోట వేలాడదీయాలి.