అతిథుల్లేని హోటల్లో... ఆగని షూటింగులు!

కౌంటర్లో తాళంచెవి ఇచ్చేవాళ్లు లేరు. గదుల్లో దిగేవాళ్లూ లేరు. అయినా పదహారేళ్లపాటు ఆ హోటల్లో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి... సినిమాల కోసం! అమెరికాలోని లాస్‌ఏంజెలెస్‌లో ఒకప్పుడు వెలిగిన అంబాసిడర్ హోటల్ కథ ఇది.

విల్షైర్ బులెవార్డ్ పక్కన దాదాపు 24 ఎకరాల్లో 1921లో మొదలైందీ హోటల్. అందులోని 'కోకోనట్ గ్రోవ్' నైట్‌క్లబ్ హాలీవుడ్ తారలకు అడ్డా. కొన్నేళ్లు ఆస్కార్ వేడుకలూ ఇక్కడే జరిగాయి. 1940లో 'గాన్ విత్ ద విండ్'కుగాను హ్యాటీ మెక్‌డేనియల్ ఆస్కార్ అందుకున్నదీ ఇక్కడే. ఆ అవార్డు గెలిచిన తొలి నల్లజాతి నటి ఆమె. కానీ, నల్లవారిని రానివ్వని ఆ హోటల్లోకి ఆమెను అనుమతించాలని నిర్మాత ప్రత్యేకంగా అడగాల్సొచ్చింది. లోపలా తోటి నటుల పక్కన కాకుండా విడిగా ఓ టేబుల్ వేశారు!

1967లో వచ్చిన 'ది గ్రాడ్యుయేట్'లో కథానాయకుడు బెరుగ్గా అడుగుపెట్టే హోటల్ ఇదే. ఆ మరుసటి ఏడాదే విషాదం. 1968 జూన్ 5 అర్ధరాత్రి దాటాక, ఎన్నికల విజయ ప్రసంగం ముగించి వంటగది దారిలో వెళుతున్న రాబర్ట్ కెన్నెడీపై కాల్పులు జరిగాయి. మర్నాడు ఆయన కన్నుమూశారు.

క్రమంగా కళ తప్పిన హోటల్ 1989లో మూతపడింది. సినిమావాళ్లకు మాత్రం అదే వరమైంది. పెద్ద లాబీ, పొడవాటి వరండాలు, డాన్సు హాళ్లు... పైగా ఇబ్బంది పడేందుకు అతిథులెవరూ లేరు. 'అపోలో 13', 'క్యాచ్ మి ఇఫ్ యూ కెన్' లాంటి చిత్రాల్లోని సన్నివేశాలు ఇక్కడ తీసినవే.

ఇంతలో పెద్ద తగవు. చుట్టుపక్కల పిల్లలు చదువుకోసం బస్సుల్లో దూరాలు వెళ్తున్నారు, ఇక్కడ బడి కట్టాలంది విద్యాశాఖ. బడి కట్టండి, కానీ భవనాన్ని కూల్చకుండానే కట్టండన్నారు వారసత్వ ప్రేమికులు. చివరికి 2005లో కూల్చివేత మొదలైంది. ఓపక్క గోడలు కూలుతుంటే, మరోపక్క కెన్నెడీ హత్య జరిగిన రోజు కథతో 'బాబీ' చిత్రం షూటింగు! అది 2006లో విడుదలైంది.

2010లో అక్కడ రాబర్ట్ ఎఫ్ కెన్నెడీ పేరిట పాఠశాలలు తెరిచారు. ఆయన చివరి ప్రసంగం చేసిన హాలు ఉన్నచోట ఇప్పుడు పిల్లల గ్రంథాలయం ఉంది. హోటల్ని చూడాలంటే మాత్రం... పాత సినిమాలు పెట్టుకోవాల్సిందే!