కొత్త కుర్రాళ్ళ జమాఖర్చులు

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మన పెద్దలు అన్నారు. నిజమే. కాని మల్లెమొగ్గ సాయంత్రం దాకా వాసన వెయ్యదన్న సంగతి కూడా ఆ పెద్దలకు తెలుసు. సామెత చెప్పేటప్పుడు మాత్రం ఆ మాట ఎందుకో మరిచిపోయారు. ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో కొలువు చేస్తూ, ఏటా వచ్చే కొత్తవాళ్ళ మీద రిపోర్టులు రాస్తున్నవాణ్ణి కనుక, ఈ సామెత నన్ను చాలా కాలంగా వేధిస్తోంది. దానికి జవాబు మొన్నామధ్య చేపాక్ స్టేడియంలో కొంత దొరికింది. ఆ ముచ్చటే ఇది.

2025 జనవరి 25, శనివారం. ఇండియాకీ ఇంగ్లండుకీ ట్వంటీ ట్వంటీ మ్యాచ్. న్యూజెర్సీలో ఉంటున్న మా అక్క కొడుకు ఆఫీసు పనిమీద మద్రాసు వచ్చాడు. వాణ్ణి వెంటబెట్టుకుని వేళచ్చేరి రైల్లో చేపాక్‌లో దిగాను. ఇంగ్లండు 165 పరుగులు చేసింది. మనవాళ్ళు 78 పరుగులకే అయిదు వికెట్లు పోగొట్టుకున్నారు. హైదరాబాదు కుర్రాడు తిలక్ వర్మ ఒక్కడే ఒక పక్క నిలబడ్డాడు.

"ఈ కొత్త బ్యాచ్ ఇంతేరా, పేపర్లో పులులు" అన్నాను, పల్లీల పొట్లం మడిచి పక్కన పెడుతూ.

"అప్పుడే లెక్క ముగించేశారేం మావయ్యా? ఇంకా పది ఓవర్లకు పైగా ఉందిగా" అన్నాడు వాడు.

ఆ తర్వాత జరిగింది మీరు టీవీలో చూసే ఉంటారు. తిలక్ 55 బంతుల్లో 72 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. అంత వేగంగా బంతులేసే ఆర్చర్ నాలుగు ఓవర్లలో 60 పరుగులు సమర్పించుకున్నాడు. ఎనిమిది వికెట్లు పడ్డాక రవి బిష్ణోయ్‌ను పక్కన పెట్టుకుని, నాలుగు బంతులు మిగిలుండగా గెలిపించాడు. మా వరసలో కూర్చున్న తమిళ సోదరుడొకడు, నేను తెలుగువాణ్ణని తెలిసి నాకు చెయ్యి కలిపి అభినందించాడు. చేసింది తిలక్, దండ నా మెడలో!

రాత్రి ఇంటికొచ్చాక భోజనాల దగ్గర మావాడు అమెరికా ఫుట్‌బాల్ సంగతి ఎత్తాడు. మన ఫుట్‌బాల్ కాదు, శిరస్త్రాణాలు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే ఆట. అందులో వైడ్ రిసీవర్లని ఉంటారట. మైదానం అంచు నుంచి దూసుకుపోయి, వెనకనుంచి విసిరిన బంతిని అందుకోవడం వాళ్ళ పని. ఏటా ఏప్రిల్లో 32 జట్లు వరసగా, ఏడు విడతల్లో, కాలేజీల నుంచి కొత్తవాళ్ళను ఎంచుకుంటాయి. కిందటేడు అందరికంటే వెనకబడ్డ జట్టుకు మొదటి ఎంపిక. అలా వచ్చినవాళ్ళను ఆ ఏటి 'రూకీ క్లాస్' అంటారు. ఇంకా బంతి ముట్టకముందే ఎవడు గొప్పవాడవుతాడో తేల్చేవాళ్ళు ఊరూరా ఉంటారట, మన పెళ్ళిళ్ళలో జాతకాలు చూసేవాళ్ళలాగా.

వాడు రెండు ఉదాహరణలు చెప్పాడు. 2017లో జాన్ రాస్ అనే కుర్రాడు నలభై గజాల పరుగుపరీక్షను 4.22 సెకండ్లలో ముగించాడు. అప్పటికి అది రికార్డు. వెంటనే తొమ్మిదో ఎంపికగా అతణ్ణి తీసుకున్నారు. మొదటి ఏడాది అతను పట్టిన బంతులు సున్నా. 2023లో పుకా నకువా అనే అతణ్ణి అయిదో విడతదాకా ఎవరూ అడగలేదు. 177వ ఎంపికగా లాస్ ఏంజిలెస్ రామ్స్ జట్టు తీసుకుంది. మొదటి ఏడాదే 105 బంతులు పట్టి 1486 గజాలు సాధించాడు. కొత్తవాళ్ళ గజాల లెక్కలో 1960 నుంచి చెక్కుచెదరని రికార్డు దాంతో చెరిగిపోయింది.

"పరుగు కొలవడానికి గడియారం ఉంది మావయ్యా. మీద ఇద్దరు పడుతుంటే బంతి వదలకుండా ఉండడాన్ని కొలవడానికి గడియారం లేదు" అన్నాడు మావాడు.

ఆ మాట పట్టుకుని, మర్నాడు ఆదివారం ఒక పాత లెడ్జరు పుస్తకం తీసి మన తెలుగు కుర్రాళ్ళ పద్దులు రాయడం మొదలుపెట్టాను. కామర్సు చదివినవాడికి వేరే విద్య ఏమొచ్చు!

మొదటి పద్దు తిలక్ వర్మ. తండ్రి ఎలక్ట్రీషియన్. 2022 ఐపీఎల్ వేలంలో ఇరవై లక్షల కనీస ధరతో మొదలై, 1 కోటి 70 లక్షలకు ముంబయి జట్టులో చేరాడు. మొదటి ఏడే 14 మ్యాచుల్లో 397 పరుగులు. 2024 నవంబరులో దక్షిణాఫ్రికా మీద వరసగా రెండు సెంచరీలు. అక్కణ్ణుంచి చేపాక్ మ్యాచ్ దాకా నాలుగు ఇన్నింగ్సుల్లో, ఒక్కసారీ అవుట్ కాకుండా 318 పరుగులు. ఇక తిరుగులేదనుకున్నామా, అదే 2025 ఏప్రిల్లో లక్నో మీద మ్యాచ్‌లో, వేగంగా ఆడలేకపోతున్నాడని జట్టువాళ్ళే అతణ్ణి మధ్యలో వెనక్కి పిలిచేశారు. 23 బంతుల్లో 25 పరుగులు అప్పటికి. చూసేవాళ్ళకే తలకొట్టేసినట్టయింది, ఆ పిల్లవాడికి ఎలా ఉండాలి! అదే ఏడాది సెప్టెంబరు 28న దుబాయిలో, ఆసియా కప్ ఫైనల్లో, పాకిస్తాన్ మీద అతను 69 పరుగులతో నిలబడి కప్పు తెచ్చాడు. ఒకే ఏడాది, ఒకే మనిషి, మూడు రకాల నిల్వలు. నేను ఏ నెలాఖరున ఖాతా మూసి ఉంటే ఏం రాసేవాణ్ణో ఆలోచించండి.

రెండో పద్దు విశాఖపట్నం నితీశ్ కుమార్ రెడ్డి. 2017-18లో పదహారేళ్ళలోపు పిల్లల విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1237 పరుగులు చేశాడు. అందులో నాగాలాండ్ మీద ఒక్క ఇన్నింగ్సులో 441. ఇంత చేసినవాడు 2023లో హైదరాబాదు సన్‌రైజర్స్‌కు వచ్చింది ఇరవై లక్షలకే. ఆ ఏడాది రెండు మ్యాచులు ఆడాడు. బ్యాటు పట్టే అవకాశమే రాలేదు. పద్దులో సున్నా ఉందని 'పనికిరాడు' అని రాస్తే అది తప్పుడు లెక్క. జమ వెయ్యని ఖాతాలో వడ్డీ ఎక్కడిది? 2024లో అవకాశమిస్తే 303 పరుగులు చేసి, ఎదుగుతున్న ఆటగాడి బహుమతి అందుకున్నాడు. అదే డిసెంబరు 28న మెల్‌బోర్న్ టెస్టులో ఎనిమిదో స్థానంలో దిగి సెంచరీ. అతను 99 మీద ఉండగా అవతలి కొసన మిగిలింది ఆఖరి ఆటగాడు, మన హైదరాబాదు సిరాజ్. కమిన్స్ వేసిన మూడు బంతులు సిరాజ్ కాచుకున్నాడు. తర్వాతి ఓవర్లో నితీశ్ ఫోరు కొట్టాడు. ఉద్యోగం వదులుకుని కొడుకు వెంట తిరిగిన ఆ తండ్రి గ్యాలరీలో కన్నీళ్ళు పెట్టుకున్నాడు. సెంచరీ కొడుకు పేరునే ఉంటుంది గాని, ఆ మూడు బంతుల అప్పు కూడా ఎక్కడో ఒకచోట రాసుకోవాలి.

మూడో పద్దు గుంటూరు షేక్ రషీద్. 2022లో పంతొమ్మిదేళ్ళలోపు ప్రపంచ కప్ గెలిచిన జట్టుకు వైస్ కెప్టెన్. సెమీ ఫైనల్లో ఆస్ట్రేలియా మీద 94, ఫైనల్లో ఇంగ్లండు మీద 50. 2023 వేలంలో మన చెన్నై జట్టే తీసుకుంది. రెండు సీజన్లు పసుపు చొక్కా వేసుకుని బయట కూర్చున్నాడు. 2025 ఏప్రిల్ 14న లక్నోలో మొదటి మ్యాచ్ ఆడి 19 బంతుల్లో 27 పరుగులు చేశాడు. ఇతని పద్దు కింద గీత గీయకుండా ఖాళీ వదిలాను. అది నిర్లక్ష్యం కాదు, న్యాయం.

ఇంత జ్ఞానం నాకు మొదటినుంచీ ఉందనుకోకండి. ఇక్కడొక తప్పు ఒప్పుకోవాలి.

చాలా ఏళ్ళ కిందట, నేను ఒక బ్రాంచిలో రెండో అధికారిగా ఉన్నప్పుడు, ముగ్గురు కొత్తవాళ్ళు ప్రొబేషన్ మీద వచ్చారు. ఒకడు నోట్ల కట్టలు మెరుపులా లెక్కపెట్టేవాడు. మరొకడు ఇంగ్లీషు దంచేవాడు. మూడో అమ్మాయి నెమ్మది. ప్రతి ఓచరూ రెండుసార్లు చూసేది, ప్రతిదానికీ "ఎందుకండీ?" అనేది. కౌంటరు ముందు క్యూ పెరిగితే నాకు చిరాకు. ఆరు నెలలయ్యాక రిపోర్టులో ఆమె పేరు ఎదురుగా 'మందకొడి, ప్రొబేషన్ పొడిగించవచ్చు' అని రాశాను. పొడిగించారు. ఆ ఆరు నెలలవల్ల ఆమె సీనియారిటీ వెనకబడి, ప్రమోషను పరీక్షకు ఒక ఏడాది ఆలస్యమయింది. నాకా సంగతి తర్వాతెప్పుడో తెలిసింది.

కొన్నేళ్ళకు వేరే బ్రాంచిలో, ఒక పెద్దమనిషి ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు తాకట్టు పెట్టి అప్పు అడిగితే, ఆ రసీదు నంబరు ఆ వరసలోనిది కాదని పట్టుకున్నది ఆమే. మిగతా ముగ్గురు చూసి సంతకాలు పెట్టేసిన కాగితం అది. నేను 'మందకొడి' అన్న గుణమే బ్యాంకు డబ్బు కాపాడింది. తర్వాత ఒక మీటింగులో కనబడితే సిగ్గు విడిచి క్షమించమన్నాను. "పోనీండి సార్. ఆ పొడిగింపు ఆరు నెలల్లోనే డిపాజిట్ల పని మొత్తం నేర్చుకున్నా" అంది నవ్వుతూ. ఆమె మనసు పెద్దది. నా రిపోర్టు మాత్రం చిన్నదే.

కొత్తవాడంటే పాతికేళ్ళలోపువాడే అన్న అపోహ కూడా మన మద్రాసు తెలుగువాళ్ళు వదులుకోవాలి. ఈ ఊళ్ళో భారతీయులకు క్రికెట్ నేర్పి, 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్బు స్థాపించిన బుచ్చిబాబు నాయుడు తెలుగువాడు. ఆయన కొడుకు, కోట వారింటికి దత్తుపోయిన రామస్వామి, 1922లో డేవిస్ కప్ టెన్నిస్ ఆడాడు. క్రికెట్ టెస్టు ఆడే పిలుపు ఆయనకు వచ్చింది 1936లో, నలభై ఏళ్ళు నిండాక. మాంచెస్టర్‌లో ఆ మొదటి టెస్టులో 40, 60 పరుగులు చేశాడు. ఓవల్‌లో 29, 41 నాటౌట్. ఆడినవి రెండే టెస్టులు, సగటు 56 దాటింది. ముప్ఫై ఏళ్ళప్పుడే ఆయన ఖాతా మూసేసి ఉంటే ఆ 170 పరుగులు ఏ పద్దులో వేసేవాళ్ళం?

అన్నీ కూడి తీసివేస్తే నాకు మిగిలినవి నాలుగు ప్రశ్నలు. మన పిల్లల ప్రోగ్రెస్ కార్డు చూసేటప్పుడు మీకూ పనికొస్తాయేమో చూడండి. అవకాశం ఎంత దొరికింది? చేసింది సుఖంగా ఉన్నప్పుడా, 78 పరుగులకు అయిదు వికెట్లు పడ్డప్పుడా? మనం కొలిచింది అసలు పనినా, దాని పక్కనున్న గడియారాన్నా? ఒకసారి దెబ్బతిన్నాక మళ్ళీ వచ్చి నిలబడ్డాడా?

ఇప్పుడు నా బల్లమీద ముగ్గురు కొత్తవాళ్ళ రిపోర్టులున్నాయి. అందులో ఒకబ్బాయి నెమ్మది. మొన్న అతని పక్కన కుర్చీ వేసుకుని ఒక గంట కూర్చున్నాను. ఎందుకు ఆలస్యమవుతోందో అడిగాను. చెప్పాడు. రిపోర్టులో చూసింది చూసినట్టు రాశాను. 'మందకొడి' అన్న మాట వాడలేదు. పొడిగింపు అడగలేదు.

మా మేనల్లుడికి ఫోన్లో ఈ సంగతి చెబితే, "ఎన్నో ఎంపిక మావయ్యా అతను?" అన్నాడు.

"అదింకా తేలలేదురా" అన్నాను.